బావగారు వచ్చిన వసంతం

మా లోయలో ఏ ఇంట్లో ముసలివాళ్ళు మూలపడ్డా ముందు కబురొచ్చేది నాకే. జిల్లా వృద్ధుల సేవకి నేను పెద్దని. పడుచుదనంలో భుజాన రొట్టెల సంచీ వేసుకుని మంచులో ఇంటింటికీ తిరుగుతూ మొదలుపెట్టిన ఉద్యోగం ఇది. ఇప్పుడు నా కింద కొందరు ఆడవాళ్ళున్నారు, ఒక పాత వ్యాను ఉంది, బాలబడి భవనంలో సగం మాది. ఆ సగంలో ముసలివాళ్ళు చేరి టీ తాగుతారు, కాళ్ళూ చేతులూ ఆడిస్తారు, జుట్టు కత్తిరించుకుంటారు, అన్నిటికన్నా ఎక్కువ పోట్లాడుకుంటారు. పక్షవాతంతో పడినవాళ్ళని లేపి నడిపించాను. మాట పోయినవాళ్ళచేత మళ్ళీ తిట్లు తిట్టించాను. గొప్పకి చెప్పుకుంటున్నాననుకుంటే అనుకోండి. ఆ వసంతంలో మా అత్తగారు కల్బూబూ గోడవైపు తిరిగి పడుకుని, నా గొప్పంతా ఒక్క మాటతో తీసిపారేసింది.

“నేనేమన్నా మీ ఆఫీసు ముసలిదాన్ననుకున్నావే? పో అవతలికి.”

చలికాలం చివర్లో వీధికుళాయి దగ్గర గడ్డకట్టిన నీళ్ళమీద జారి ఆవిడ తుంటి విరగ్గొట్టుకుంది. నగరంలో ఆసుపత్రివాళ్ళు లోపల కడ్డీ వేసి అతికించారు. “ఎముక బాగానే ఉంది. ఇక లేవడం ఆమె చేతిలో ఉంది. వసంతం దాటేదాకా పడుకునే ఉంటే మాత్రం కండ కరిగిపోతుంది, తర్వాత ఎవరు లేపినా లేవదు” అన్నాడు డాక్టరు. నాకు కొత్త సంగతి కాదు. అదే మాట నేను ఎన్ని ఇళ్ళల్లో ఎంతమంది కొడుకులకి చెప్పానో!

మా ఆయన తుర్దాకున్ ఇంటికి చిన్నకొడుకు. మా దగ్గర చిన్నకొడుకంటే అన్నలు ఎటు పోయినా తల్లిదండ్రుల దగ్గర ఉండిపోవాల్సినవాడు. ఆయన ఉండిపోయాడు. గొర్రెలు కాసుకుంటూ, తల్లి ముందు గొంతు పెంచకుండా యాభై దాటేశాడు. ఆవిడ పడిన రోజునుంచీ పొద్దున్నే వచ్చి పరుపు ముందు వీపు చూపించి గొంతుక్కూర్చునేవాడు. “ఎక్కు, అపా” అనేవాడు, తల్లినైనా పెద్దావిడనైనా మేం పిలిచే పిలుపు అది. అంతే, ఇంకో మాట లేదు. ఆవిడ మెడచుట్టూ చేతులు వేసేది. పెరట్లోకి మోసేవాడు, ఎండలోకి మోసేవాడు, మళ్ళీ లోపలికి మోసేవాడు. ఊరంతా “కొడుకంటే తుర్దాకున్” అని మెచ్చుకుంది. నాకూ కళ్ళు చెమర్చేవి. ఆ వెంటనే కడుపు మండేది. ఎందుకంటే నా ఉద్యోగం నాకు నేర్పిన నిజం ఒకటుంది: ప్రేమగా మోసే ఇళ్ళల్లోనే ముసలివాళ్ళు లేవకుండా పోతారు. విసుక్కునే కోడళ్ళున్న చోట కసికొద్దీ లేచి తిరుగుతారు.

నేను మంచి కోడల్ని కావడమే తప్పయిపోయింది.

ఆఫీసునుంచి నడక నేర్పే ఇనుప చట్రం తెచ్చి పక్కన పెడితే ఆవిడ దానిమీద చేతిరుమాలు ఆరేసింది. కాళ్ళు పట్టి ఆడిస్తానంటే కళ్ళు మూసుకుంది. “కోడలా, ఈ ఇంటికి గుర్రమెక్కి వచ్చాను. కంబళిలో చుట్టుకుని పోతాను. మధ్యలో ఈ ఇనుప గాడిద సవారీ నాకొద్దు” అంది.

వసంతంతో వచ్చే మా కొత్త సంవత్సరం, నోరూజ్ పండగనాడు, వచ్చినవాళ్ళందరూ తిని వెళ్ళాక, మా ఆయన గొర్రెల కొట్టంలో నాతో మాట్లాడాడు. ఈనే కాలం. చంకలో తడిగొర్రెపిల్లని తువ్వాలుతో రుద్దుతూ, నా మొహం చూడకుండా అన్నాడు.

“మంద కొండెక్కేలోపు అమ్మ లేవకపోతే నువ్వు ఆ ఉద్యోగం మానెయ్, జిపార్. నేను శరత్కాలందాకా పైన ఉంటాను. అమ్మ దగ్గర ఎవరుండాలి?”

“అసీపాని పంపుతాను. రోజూ వస్తుంది.”

“ఆఫీసు మనిషినా?” గొర్రెపిల్ల అదిరిపడింది. “మా అమ్మకి పిల్లలు లేరనుకున్నావా? నా చేతులు పడిపోయాయనుకున్నావా? ఊళ్ళో ఏమంటారు?”

ఊళ్ళో ఏమంటారు అన్న మాటతోనే నా బతుకంతా కుస్తీ పట్టాను. సాయం రావడం దిక్కులేనివాళ్ళకే కాదనీ, తలుపు తీస్తే పరువు పోదనీ గడపగడపకీ చెప్పాను. ఎన్నో ఇళ్ళల్లో ముసలివాళ్ళని లోపలి గదిలో దాచి, “నిద్రపోతున్నారు” అని నన్ను గుమ్మంలోంచే పంపేసేవాళ్ళు. ఇప్పుడు నా ఇంటి గుమ్మంలో నేనే నిలబడి ఉన్నాను. మా ఆయన అన్నదాంట్లో న్యాయం లేకపోలేదు. ఊరందరి తల్లుల్నీ లేపే మనిషి, ఇంట్లో తల్లిని లేపలేకపోతే ఆ కుర్చీలో ఎందుకు?

“సరే” అన్నాను.

ఆ తర్వాత ఒక రోజు బాలబడిలో ఉల్కాన్‌కి జుట్టు కత్తిరిస్తున్నాను. ఉల్కాన్, మా అత్తగారు ఒకే ఏడాది శరత్కాలంలో మా వంశానికి కోడళ్ళుగా వచ్చారు. అప్పట్నించీ ఒకళ్ళనొకళ్ళు తిట్టుకోకుండా వారం గడిచింది లేదు. రెండు చేతుల్లో రెండు కర్రలు, నోట్లో మూడో కర్ర అని మా ఆడవాళ్ళు ఆమె గురించి చెప్పుకుంటారు.

“మీ అత్త ఎట్లా ఉంది?”

“బాగానే ఉంది, అపా.”

“బాగుంటే ఇక్కడికొచ్చి నన్ను తిట్టేది. దాని తిట్లు లేక నాకు తిన్నది అరగట్లేదు. నిజం చెప్పు.”

చెప్పేశాను. కొట్టంలో మాట కూడా చెప్పేశాను. చెబుతూ చెబుతూ ఏడ్చాను.

“ఏడిస్తే ఏడువుగానీ కత్తెర నా చెవి దగ్గరుంది, చూసుకో” అంది. “ఇంతకీ అది ఎవరి మాటా వినదంటావ్?”

“నా మాట వినదు. డాక్టరు మాట వినదు. ముల్లాగారు వచ్చి చెబితే, ముందు మీ ఆవిడ మోకాళ్ళ సంగతి చూసుకోండి అంది.”

“వినేవాళ్ళు ఒకళ్ళున్నారు,” అంది ఉల్కాన్. “ఆయనా మూలపడ్డాడు. అదీ నా తలనొప్పి.” అద్దం అడిగి, చెవులు రెండూ ఉన్నాయో లేదో చూసుకుని, కర్రలు టకటకలాడించుకుంటూ వెళ్ళిపోయింది.

నేను పనిలో పడి ఆ మాట మర్చిపోయాను. మంచు కరిగి ఏరు పొంగుతున్న రోజుల్లో, ఒక పొద్దున అసీపా రొప్పుకుంటూ ఆఫీసులోకి వచ్చింది. ఇంటింటికీ తిరిగి ముసలివాళ్ళకి స్నానాలు చేయించే మనిషి ఆమె. దేనికీ కంగారుపడదు. ఆ రోజు మొహంలో నెత్తుటిచుక్క లేదు.

“తెల్తాయ్ తాత లేడు! పరుపు ఖాళీ. తలుపు బార్లా తీసుంది. టోపీ లేదు, కర్ర లేదు.”

తెల్తాయ్ అంటే మా వంశంలో బతికున్నవాళ్ళందరికీ పెద్ద. చనిపోయిన మా మామగారికి పెదనాన్న కొడుకు. కోడళ్ళం మేము అత్తవారివైపు పెద్దల పేరు పలకకూడదు. నాకు మాత్రం ఆఫీసు పనికోసం మినహాయింపు ఉంది. మా అత్తగారైతే బతుకంతా ఆయన్ని “బావగారు” అనీ, కోపం వస్తే “ఆ పెద్దటోపీ” అనీ అంది తప్ప ఒక్కసారీ పేరు ఎత్తలేదు. తొంభై దాటిన మనిషి. భార్య పోయిన దగ్గర్నించీ గడప దాటలేదు. “మోకాళ్ళు ఆవిడతోనే పోయాయి” అనేవాడు. ఆయన్ని కనీసం కిటికీ దాకా నడిపించాలని నేను పడని పాట్లు లేవు. అలాంటి మనిషి పరుపుమీద లేడు, బయట ఏరు హోరెత్తుతోంది.

వ్యాను తీశాను. భార్య సమాధి దగ్గర చూశాం, లేడు. మసీదు దగ్గర లేడు. ఏటి ఒడ్డున పోతూ బురదనీళ్ళలో కొట్టుకుపోయే ప్రతి కట్టెనీ వ్యాను ఆపి చూశాను. పక్కన అసీపా దేవుణ్ణి తలుచుకుంటోంది. ముసలివాళ్ళ పనిలో ఉన్నవాళ్ళకి ఇంతకన్నా పీడకల లేదు. మా ఆయనని పిలుద్దాం, గుర్రాలమీద వెతికిద్దాం అని మా వీధికి తిప్పాను.

మా గేటుకి ఉల్కాన్ గాడిదబండి కట్టి ఉంది.

పరిగెత్తుకుని లోపలికి పోయాను. తెల్తాయ్ తాత గడప లోపల నిలబడి ఉన్నాడు. తెల్ల కంబళి టోపీ, పొడుగు కోటు గుండీలన్నీ పెట్టుకున్నాడు, రెండు చేతులూ కర్రమీద ఆనించాడు. కాళ్ళు గాలికి ఊగినట్టు ఊగుతున్నాయి, అయినా నిలబడ్డాడు. ఆయన వెనక ఉల్కాన్ గోడకి ఆనుకుని తనకేమీ పట్టనట్టు పైకప్పు చూస్తోంది. ఎదురుగా మా అత్తగారు.

ఆవిడ నిలబడి ఉంది.

దుప్పటి పక్కన పడుంది. ఎడమచెయ్యి కిటికీ చట్రాన్ని పట్టుకుంది. తలగుడ్డ కొత్తకోడలిలా కనుబొమలదాకా లాక్కుంది. పెదవులు బిగపట్టి, మొహమంతా చెమటతో, కుడిచెయ్యి మోకాలిమీద పెట్టి మెల్లగా వంగింది. పెళ్ళయిన కొత్తలో మగడివైపు పెద్దలకి వంగి పెట్టే దండం అది. నా పెళ్ళప్పుడు ఆవిడే నాకు నేర్పింది. వెళ్ళి పట్టుకోవాలని నా చేతులు కొట్టుకున్నాయి. ఉల్కాన్ కర్ర అడ్డం పెట్టింది.

ఎనభై ఏళ్ళ మనిషిని చూస్తూ ఆ పెద్దాయన, కొత్తగా గుర్రం దిగిన పిల్లని దీవించినట్టు దీవించాడు. “నీ చిగురు పెరగాలి, కోడలా. పదికాలాలు బతుకు.”

తర్వాత వెంటనే కూర్చోలేదు. బూట్ల బురద దులుపుకున్నాడు. కర్ర ఎక్కడ పెట్టాలా అని చూశాడు. పైకప్పు దూలాలు ఎవరు వేశారని అడిగాడు. బావగారు కూర్చోకుండా కోడలు కూర్చోకూడదు. ఆ సంగతి ఆయనకి తెలుసు, ఉల్కాన్‌కి తెలుసు, మా అత్తగారికీ తెలుసు. ఆవిడ కాలు వణుకుతోంది, కళ్ళల్లో నిప్పులు రాలుతున్నాయి. నోరు మాత్రం పెగల్లేదు. తాను అనుకున్నంతసేపు ఆవిడని నిలబెట్టి అప్పుడు కూర్చున్నాడు. ఆవిడ పరుపుమీద కూలబడింది.

రొట్టె తెచ్చాను. ముక్క తుంచి నోట్లో వేసుకుని, టీ అడుగంటా తాగి, లేస్తూ అన్నాడు: “మీ ఇంట్లో టీ బాగుంది. రేపు వస్తాను.”

బండి కదిలిందో లేదో మా అత్తగారి గొంతు తెరుచుకుంది. రెండునెలల తిట్లు ఒక్కసారిగా వచ్చాయి. “ఒసేయ్ ఉల్కాన్! నీ బండి విరగ! నీ గాడిద చావ! సమాధిలో ఉండాల్సిన మనిషిని మోసుకొచ్చి నా గుమ్మంలో నిలబెడతావే?” వీధిలోంచి ఉల్కాన్ నవ్వు వినిపించింది. ఆ రోజు ఆమెకి తిన్నది అరిగి ఉంటుంది.

నేను వంటింట్లోకి పోయి తలుపు వేసుకుని ఏడ్చాను. సంతోషానికో, భయానికో, ఏమో. కళ్ళముందు చూసింది ఇంకా నమ్మబుద్ధి కాలేదు.

మర్నాడు వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. పొద్దెక్కేసరికి గాడిద ఓండ్ర వినపడేది, మా అత్తగారు శాపనార్థాలు పెడుతూ తలగుడ్డ సర్దుకునేది. నేను చూస్తూ ఊరుకోలేదు, నా విద్య నేనూ కలిపాను. ఆవిడ పరుపుని కిటికీ పక్కనుంచి వెనక్కి, గదిని వెచ్చబెట్టే పొయ్యి అవతలికి జరిపాను. ఇప్పుడు బావగారికి ఎదురుపడాలంటే పొయ్యి అంచు పట్టుకుని కొన్ని అడుగులు వెయ్యాలి. ఏ కాలు ముందు పెడితే తుంటిమీద బరువు పడదో ముందురోజు సాయంత్రం, కాళ్ళు నొక్కే వంకతో చెప్పేదాన్ని. విననట్టే వినేది. పెద్దాయన వాలకం కూడా మారింది. మొదట్లో బండి గుమ్మందాకా వచ్చేది. తర్వాత గేటు దగ్గర దిగాడు. ఆ తర్వాత వీధి మలుపులోనే దిగి, ఉల్కాన్ గాడిదని తోలుకుంటూ పక్కన నడుస్తుంటే, గోడలు పట్టుకుంటూ వచ్చాడు.

ఒక రోజు ఆయన్ని అడిగాను, “తాతా, మీ మోకాళ్ళు పోయాయన్నారు కదా?”

“పోయాయి,” అన్నాడు. “తిరిగి రాలేదు కూడా. కానీ నేను పోకపోతే ఆ పిల్ల లేవదు.”

ఆ పిల్ల! నేను నడిపించిన వాళ్ళందరినీ నేనే నడిపించాననుకున్నాను. మనిషి లేవడానికి కావలసింది ఇంకో మనిషి గుమ్మంలో నిలబడి ఉండడమేనేమో, మిగతాదంతా మా ఉద్యోగమేమో అనిపించింది. నాకు నవ్వూ వచ్చింది. తలమీద చెయ్యి పెట్టి దీవించమని అడిగాను. తాత దీవించి, గాడిదకి గడ్డి పెట్టమన్నాడు.

మా ఆయనకి ఇది ఆలస్యంగా తెలిసింది. పగలు మందతో ఉండేవాడు కదా. ఒకరోజు గడ్డి కోసం ఇంటికొచ్చి లోపల అడుగుపెట్టేసరికి, తల్లి పొయ్యి దగ్గర వంగి ఉంది, బూట్లు దులుపుకుంటూ పెదనాన్న నిలబడి ఉన్నాడు. మా ఆయన మొహం ఎర్రబడింది. కానీ వంశానికి పెద్దాయన ముందు ఎవరు నోరెత్తుతారు? గుండెమీద చెయ్యి పెట్టుకుని తల వంచి నిలబడ్డాడు. పెద్దాయన కూర్చునేదాకా అలాగే నిలబడ్డాడు. బండి వెళ్ళిపోయాక నామీద పడ్డాడు.

“మా అమ్మని నిలబెట్టి హింసిస్తున్నారు! ఆమె కాలు వణకడం నీకు కనపడలేదా?”

“కనపడింది. కాలికి బలం వస్తుంటే వణుకుతుంది.”

“నేనుండగా ఆమె నడవాల్సిన పనేంటి?”

ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతు పసిపిల్లాడి గొంతులా ఉంది. లోపల్నుంచి మా అత్తగారు కేకేసింది. “ఒరేయ్, మీ ఇద్దరూ కొట్లాడుకుంటే కొట్టంలోకి పొండి. నేను అలిసిపోయాను, నిద్రపోవాలి.” పడ్డప్పట్నుంచీ ఆవిడ అలిసిపోయి నిద్రపోయింది లేదు. మేమిద్దరం మొహామొహాలు చూసుకున్నాం.

వసంతం ముదిరింది. ఆప్రికాట్ చెట్లు పూసి రాలాయి. మంద పైకి వెళ్ళే రోజు దగ్గరపడింది. మా అత్తగారు పొయ్యి దగ్గరనుంచి గుమ్మందాకా వచ్చేది, వంగేది, తిరిగి వెళ్ళి పడుకునేది. అంతకు మించి అడుగు కదిపేది కాదు. పెద్దాయన వస్తేనే లేవడం, లేకపోతే “ఎక్కు, అపా”. ఇది లేవడం కిందకి రాదని నాకు తెలుసు, మా ఆయనకీ తెలుసు. నా తర్వాత ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారా అని ఆలోచించడం మొదలుపెట్టాను. అసీపాకి వ్యాను తోలడం కూడా నేర్పాను.

అప్పుడు చలిగాలితో వాన పట్టుకుంది, తెల్తాయ్ తాత రావడం మానేశాడు. రొమ్ము పట్టేసింది, దగ్గు. అసీపా పోయి మందులిచ్చి వచ్చేది.

“ఆ గాడిద ఓండ్ర వినపడట్లేదేమే ఇవాళ?” అంది మా అత్తగారు మొదటిరోజు.

“వాన కదా, అపా.”

“వాన పడితే కరిగిపోతాడా పెద్దటోపీ? బద్ధకం.”

మర్నాడు ఏమీ అడగలేదు. తలగుడ్డ మాత్రం వేళకి సర్దుకుని కూర్చుంది. తర్వాతి రోజు మధ్యాహ్నం నేను ఇంటికొచ్చేసరికి పరుపు ఖాళీగా ఉంది. మా ఆయన మోసుకుపోయాడేమోననుకున్నాను. కొట్టంలో ఆయన ఒక్కడే గొర్రెలకి గిట్టలు కోస్తున్నాడు. గేటు వైపు చూశాను. మా అత్తగారు గేటు దగ్గర ఉంది. ఆ ఇనుప చట్రం రెండు చేతులా పట్టుకుని, వానలో తడుస్తూ, వీధి మలుపు వైపు చూస్తూ నిలబడి ఉంది. రుమాలు ఇంకా దానిమీదే వేలాడుతోంది.

కేకవేయబోయి నోరు మూసుకున్నాను. మెల్లగా వెళ్ళి పక్కన నిలబడ్డాను.

“ఏం చూస్తున్నావు?” అంది నన్ను చూడకుండానే. “వీధిలో బురదెంతుందో చూద్దామని వచ్చాను.”

“ఎంతుంది, అపా?”

“నడవచ్చు,” అంది.

వాన వెలిసిన రోజు పొద్దున్నే పెట్టె తీయించి, నల్ల వెల్వెట్ చొక్కా, తెల్ల తలగుడ్డ తీయించింది. రొట్టె గుడ్డలో కట్టమంది. “ఆయన అన్నిసార్లు వచ్చాడు, నేను ఒక్కసారీ తిరిగి పోలేదు. మంచాన పడ్డ పెద్దమనిషిని చూడ్డానికి రాని కోడలనిపించుకుని చావాలా? ఆ ఉల్కాన్ నా సమాధిమీద కూర్చుని చెబుతుంది.”

మర్నాడే మంద కొండెక్కాలి. మా ఆయన జీను కడుతున్నవాడల్లా వదిలేసి వచ్చాడు. గుమ్మం ముందు వీపు చూపించి గొంతుక్కూర్చున్నాడు. “ఎక్కు, అపా. నేను తీసుకుపోతాను.”

“వీపుమీద ఊరేగి పోయి బావగారి ముందు దిగమంటావురా? సిగ్గు లేదూ? తప్పుకో.”

ఇనుప చట్రం ముందుకి జరిపింది. ఒక అడుగు. మళ్ళీ జరిపింది. నేను పక్కన నడిచాను, చెయ్యి మాత్రం వెయ్యలేదు. ఉల్కాన్ ఎక్కడ్నుంచి ఊడిపడిందో, వెనక రెండు కర్రలతో తగులుకుంది. “గాడిద నీకన్నా వేగంగా పోతుందే,” అంది. “నీ నోరు నా కన్నా వేగంగా పోతుంది, అది చాలదూ?” అంది మా అత్తగారు. మా ఆయన వెనకాలే వస్తూ, ఆవిడ ఆగినచోటల్లా ముందుకి పరిగెత్తి కూర్చున్నాడు. “ఎక్కు, అపా.” ఆవిడ ఊపిరి తీసుకుని పక్కనుంచి పోయింది. ఇంకో గేటు దాటాక మళ్ళీ కూర్చున్నాడు.

చట్రం రాళ్ళమీద గణగణమంటుంటే వీధిలో తలుపులు తెరుచుకున్నాయి. మామగారు నిద్రపోతున్నారని ఏళ్ళతరబడి నన్ను గుమ్మంలోంచే పంపించిన కోడలు ఒకామె, ఆ మామగారిని చెయ్యి పట్టి గేటు దగ్గరికి తెచ్చి స్టూలు వేసి కూర్చోబెట్టింది. ఆయన తెల్లగా పాలిపోయి ఉన్నాడు, ఎన్నాళ్ళయిందో ఎండ తగిలి. అవతలి ఇంట్లో చూపు పోయిన ముసలావిడ గుమ్మం పట్టుకుని, “ఎవరే ఆ వచ్చేది?” అంది.

“కల్బూబూ” అన్నారెవరో.

“ఏ కల్బూబూ? పోయిందన్నారు కదా?”

“పోయాను,” అంది మా అత్తగారు. “నిన్ను తీసుకుపోదామని తిరిగొచ్చాను. కాళ్ళు ఆడిస్తూ ఉండు.”

వీధంతా నవ్వింది. ఆ నవ్వులో, దాచిపెట్టిన ముసలి మొహాలు ఒక్కొక్క గేటులోంచీ బయటికి చూశాయి. నా ఉద్యోగమంతా ఆ తలుపులు తట్టడానికే సరిపోయింది. ఆ పొద్దున నేను ఒక్కటీ తట్టలేదు. ఆ వీధి, ఆ ఎండ, ఇనుపచట్రం పట్టుకుని తల ఎత్తి నడుస్తున్న ఆ మనిషి, చూస్తుంటే నాకు ఊపిరి ఆడలేదు. ఉద్యోగం ఉంటుందా పోతుందా అన్న సంగతి గుర్తుకే రాలేదు.

తెల్తాయ్ తాత ఇంటిముందు పంటకాలువ ఉంది. దానిమీద చెక్కపలక. చట్రం పట్టనంత ఇరుకు. కింద మంచునీళ్ళు ఉరకలేస్తున్నాయి. మా అత్తగారు ఆగింది. అక్కడ నేను కూడా భయపడ్డాను. ఆవిడ కాలు వణకడం వీధంతా చూసింది.

మా ఆయన ముందుకి పోయి పలక పక్కనే కూర్చున్నాడు. ఈసారి “ఎక్కు” అనలేదు. కాలువ వైపు మొహం, తల్లి వైపు వీపు. కళ్ళు మూసుకుని, చేతులు వెనక్కి చాపి, ఆ బరువు కోసం ఎదురుచూస్తున్నాడు. వసంతమంతా ఎదురుచూసినట్టే.

మా అత్తగారు చట్రం వదిలింది. చెయ్యి చాచి కొడుకు భుజంమీద వేసింది. ఆయన వీపు కాస్త ముందుకి వంగింది. ఆవిడ ఆ భుజం ఊతగా పలకమీద అడుగు పెట్టింది. ఇంకో అడుగు వేసింది. చెయ్యి భుజంమీదనుంచి టోపీమీదకి పోయి, దాన్ని సరిచేసి, వదిలేసింది. అవతలి ఒడ్డుకి చేరింది. వెనకే నేనూ దాటాను.

గేటులో తెల్తాయ్ తాత స్తంభం పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎప్పుడు లేచాడో, ఎంతసేపట్నించి నిలబడ్డాడో. కోటు గుండీలన్నీ పెట్టుకున్నాడు. మా అత్తగారు తలగుడ్డ కిందికి లాక్కుంది, మోకాలిమీద చెయ్యి పెట్టి వంగింది.

“ఆలస్యం చేశావు, కోడలా,” అన్నాడు దగ్గుతూ. “టీ చల్లారింది. రా.”

ఇద్దరూ ఒకరి వెనక ఒకరు లోపలికి పోయారు. నేను వెనక్కి తిరిగి చూశాను. మా ఆయన పలక పక్కన ఇంకా అలాగే కూర్చుని ఉన్నాడు, చేతులు వెనక్కి చాపుకుని. కళ్ళు తెరిచాడు. వీపుమీద ఎవరూ లేరు. అయినా లేవడానికి ఆయనకి చాలాసేపు పట్టింది.